ఇంగ్లండు కారు, చీపురుపల్లి మేస్త్రి

మొన్న బెంగుళూరు నుంచి ఎవరో పెద్దమనిషి ఫోను చేసి, "శ్రీకాకుళంలో ప్లీడరీ చేసింది మీరేనా అండీ? పూర్వం మీ దగ్గర సూపర్‌చార్జరున్న ఇంగ్లండు కారొకటి ఉండేదట" అన్నాడు. చేతులు మారి మారి ఆ కారు ఇప్పుడాయన దగ్గరికి చేరిందట. మొత్తం విప్పి బాగుచేయిస్తున్నాడట. అది ఎవరెవరి దగ్గర ఉండేదో రాసిపెట్టుకోవాలని అడిగాడు. నాకు ఎనభై దాటాయి. నా గురించి నన్నెవరైనా అడగడం మానేసి చాలాకాలమైంది. అందుకని గొంతు సవరించుకుని, కోర్టులో ఏనాడూ మాట్లాడనంత ధాటిగా యజమానుల వరస చెప్పాను. సాలూరు వైపు ఒక చిన్న జమీందారు, ఆ తరవాత నరసన్నపేట ఇత్తడి వర్తకుడు, ఆ తరవాత శ్రీకాకుళం డాక్టరు, ఆ తరవాత సాక్షాత్తూ నేను.

"బాగుందండీ. మరొక్కటి. సూపర్‌చార్జరు లోపల నాలుగు రెక్కలుంటే, ఒకటి మాత్రం ఎవరో చేత్తో ఆకురాయి పట్టి చేసింది. ఇంగ్లండు రెక్కలు మూడూ అరిగిపోయాయి, ఇది అరగలేదు. ఎవరు చేశారండీ?"

"మా మేస్త్రి."

"ఆయన పేరు?"

ఆయన వెనకాల రెండేళ్లు తిరిగాను. ఆయన భార్య పెట్టిన టీ ఎన్నిసార్లు తాగానో లెక్కలేదు. పేరు మాత్రం అడగలేదు. చీపురుపల్లిలో ఉన్న మా బావమరిదికి ఫోను చేస్తే, మేస్త్రి పోయి చాలా ఏళ్లయిందని చెప్పాడు. పేరేమిటిరా అంటే, "మేస్త్రే గదా బావా" అన్నాడు.

మేస్త్రి మా మావగారి రైసుమిల్లులో ఆయిలింజను చూసేవాడు. పుట్టింది కమ్మరింట్లో. మిల్లుకెదురుగా, రోడ్డుకవతల, ఆయనకొక రేకుల షెడ్డు ఉండేది. మనిషి సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో వింటున్నట్టు తల ఒక పక్కకి వంచి ఉండేవాడు. అందరూ పని అయ్యాక చేతులు కడుక్కుంటారు, ఆయన పనికి ముందు కడుక్కునేవాడు. విప్పిన నట్లూ బోల్టులూ ఆయన భార్య బియ్యం చెరిగే చేటలో, విప్పిన వరసలోనే పేర్చేవాడు. ఆ చేటని ఎవరైనా దాటితే ఇంతెత్తున లేచేవాడు. ఒకసారి నేనే దాటాను. అల్లుడినని కూడా చూడకుండా, "కాళ్లకి కళ్లు నేవేటి బాబూ?" అన్నాడు. చెవి మీద ఒక బీడీ ఉండేది. ఇంజను పలికితేనే దాన్ని వెలిగించేవాడు. పలక్కపోతే అది అలాగే సాయంత్రం ఇంటికి వెళ్లిపోయేది.

ఆయనకొక గట్టి నియమం ఉండేది. ఏ యంత్రం వచ్చినా ముందు పానా పట్టడు. దాని సొంతదారుని ఎదురుగా కూర్చోబెట్టి, "నీ సేతిలో ఉన్నప్పుడు దీనికేటి సేసినావు?" అని అడుగుతాడు. అతనికి ముందు ఇంకొకరి దగ్గర ఉంటే వాళ్లనీ అడగాలి. ఎవరు ఎక్కడ చెయ్యిపెట్టారంటే అక్కడే విప్పుతాడు. ఎవరూ ముట్టని చోటు తనూ ముట్టడు. "మూసున్నదాన్ని నాను తెరవను బాబూ. మూసినోడు బుద్ధినేక మూసినాడేటి?" అనేవాడు. ఈ పద్ధతిలో ఒక్కటే చిక్కు. సొంతదారు నిజం చెప్పాలి.

ఇక ఆ సొంతదారు సంగతి. పంతొమ్మిదివందల అరవై ఏడో అరవై ఎనిమిదో. నాకు ఇరవై ఆరేళ్లు. శ్రీకాకుళంలో జూనియరు ప్లీడర్ని. నల్లకోటు ఉంది, కేసులు లేవు. క్లయింట్లు రాకపోవడానికి కారణం నాకు కారు లేకపోవడమేనని నాకు గట్టి నమ్మకం. మా వీధి డాక్టరుగారి షెడ్డులో ఆ ఇంగ్లండు కారు దుమ్ము కొట్టుకుని పడుండేది. డాక్టరుగారి భార్యకి ఆ షెడ్డు ఆవుకోసం కావాల్సొచ్చింది. "తీసుకుపోవయ్యా, పుణ్యముంటుంది" అన్నాడాయన. నేను తీసుకున్నాను. పొడుగు ముక్కు, రెండే సీట్లు, రేడియేటరు ముందు బుడగలా పొడుచుకొచ్చిన సూపర్‌చార్జరు. అది నడవదన్న చిన్న విషయం తప్ప అన్నివిధాలా నాకు తగిన కారు.

దాంతోపాటు ఇంగ్లీషు పుస్తకం ఒకటి వచ్చింది. ఇంగ్లీషు వచ్చినవాడికి కారు రిపేరు రాకపోవడమేమిటని, రాత్రీ పగలూ దాన్ని చదివాను. సూపర్‌చార్జరుకి విడిగా ఒక చిన్న నూనె డబ్బా ఉంటుంది. పందేలకి వెళ్లేవాళ్లు దాన్లో ఆముదం పోసుకుంటారని పుస్తకంలో ఉంది. మా ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్న సీసా అటక మీద ఉంది. గింజలు దంచి, కాచి తీసిన చిక్కటి వంటాముదం. తలకి రాసుకుంటాం, పిల్లలకి విరేచనాలకి పట్టిస్తాం. ఆ సీసాడూ డబ్బాలో వంచేశాను. లోపల పాత నూనె ఇంకా ఉందో లేదో చూడాలని తోచలేదు. మూత బిగించి, గుడ్డతో తుడిచి, లండను నుంచి వచ్చిన ఇంజనీరులా వెనక్కి నిలబడి చూసుకున్నాను. కారు కదల్లేదు.

నాలుగు రోజులకి మా ఆవిడ, "ఏటండీ, సీసాలో ఆముదం ఏటయిపోనాది?" అని అడిగింది. కారులో పోశానంటే పరువు పోతుంది. కడుపులో బాగాలేక తాగానన్నాను. "సీసాడా!" అని గుండెలు బాదుకుని, రెండు రోజులు చారన్నం తప్ప ఇంకేమీ పెట్టలేదు.

చివరికి మావగారి ధాన్యం లారీ వెనక తాడుకట్టి కారుని చీపురుపల్లి లాక్కెళ్లాం. మేస్త్రి దాని చుట్టూ మూడుసార్లు తిరిగాడు. నేను పుస్తకం తెరిచి, సూపర్‌చార్జరు అంటే ఏమిటో అరగంట ఉపన్యాసం ఇచ్చాను. అంతా విని, "అంటే తిత్తి" అన్నాడు. "కొలిమికి తిత్తి ఉన్నాది గదా, గాలి ఊదితే నిప్పు రేగుతాది. ఈ తెల్లోడు ఇంజనికి తిత్తి కట్టినాడు." నా అరగంటలో లేనిదంతా అందులో ఉంది. తరవాత చేతులు కడుక్కుని కూడా పానా తియ్యలేదు. "పద బాబూ, దీన్ని ఏలినోళ్ల కాడికి ఎల్దాం" అన్నాడు.

జమీందారు పోయి చాలాకాలమైందంటే కొంచెం నిరుత్సాహపడ్డాడు. మిగిలినవాళ్ల దగ్గరికి బస్సులో వెళ్లాం. నరసన్నపేట వర్తకుడు బిందెల మధ్యన కూర్చుని, "నేనేం చెయ్యలేదు బాబూ, పువ్వుల్లో పెట్టి చూసుకున్నాను" అన్నాడు. మేస్త్రి ఆయన మొహం చూడలేదు. ఇత్తడి తూచే తక్కెడకేసి తల వంచి చూస్తున్నాడు. తక్కెడ వేలాడుతున్నది మామూలు గొలుసుతో కాదు, మిషను గొలుసుతో. "అది తిత్తిని తిప్పే గొలుసు గాదా?" అన్నాడు. వర్తకుడు ఇబ్బందిగా నవ్వి, "పెట్రోలు తాగీసేది బాబూ ఆ తిత్తి. అందుకే ఊడబీకించీసినాను" అని, అప్పటికప్పుడు తక్కెడ దింపించి గొలుసు ఇచ్చేశాడు. మేస్త్రి దాన్ని తువ్వాల్లో చుట్టి, దారంతా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

డాక్టరుగారు ఇంకా పెద్దమనిషి. తన చేతిలో ఉన్నన్నాళ్లూ కారుకి ఒక్క గాటు పడలేదన్నాడు. మేస్త్రి జేబులోంచి ఒక చెక్కముక్క తీసి బల్లమీద పెట్టాడు. అది ఏక్సిలేటరు కింద దొరికింది. ఎంత తొక్కినా కారు ఎడ్లబండిని దాటకుండా ఎవరో బిగించారు. చెక్క మీద మందుల పెట్టె తాలూకు ఇంగ్లీషు అక్షరాలున్నాయి. "నాకు స్పీడంటే భయమయ్యా" అన్నాడు డాక్టరుగారు, రోగి చెప్పుకున్నట్టుగా. "భయమైతే తప్పునేదు బాబూ. సెప్పినావు, అది సాలు" అన్నాడు మేస్త్రి.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో నేను ఆ ఇద్దరినీ తలుచుకుని పగలబడి నవ్వాను. చదువుకున్నవాళ్లు, పెద్దవాళ్లు, చిన్న తప్పు ఒప్పుకోలేరేమిటని వ్యాఖ్యానించాను. మేస్త్రి కిటికీలోంచి చూస్తూ విని, ఇటు తిరిగాడు.

"మరి నువ్వేటి సేసినావు బాబూ?"

"నేనా? నేనేం చేస్తాను? పుస్తకం చదివాను."

"తిత్తి నూనెడబ్బా మూత?"

"ముట్టుకోలేదు."

ఆయన తలూపాడు. నమ్మాడు. ఆ డబ్బా ఇంగ్లండులో మూసింది మూసినట్టే ఉందనుకున్నాడు, అందుకని తెరవలేదు. పాత నూనె మీద వంటాముదం పడి, రెండూ కలిసి జిగురై, లోపల గడ్డకడుతోందని ఆయనకి తెలీదు, నాకూ తెలీదు. కాని అబద్ధం చెప్పానని నాకు తెలుసు. అప్పుడు చెప్పి ఉంటే ఒక పూట పని.

ఆరు నెలలు చేశాడు. వర్తకుడు ఒకసారి విప్పించానన్న పిస్టన్లు తీసి నునుపు చేశాడు, తక్కెడ గొలుసు శుభ్రంచేసి తిత్తికి ఎక్కించాడు, చిరిగిన సీట్లకి మా మావగారి గోనెపట్టా కుట్టించాడు. ఒకరోజు ఉదయం ఇంజను పలికింది. తిత్తి తిరుగుతుంటే ఈలలాంటి సన్నటి మోత వస్తోంది. బజారు బజారంతా వచ్చింది. మేస్త్రి బీడీ వెలిగించి, "కూకో బాబూ" అని పక్కకి జరిగాడు. నేను నల్లకళ్లద్దాలు పెట్టుకున్నాను. వాటిని ఆ రోజుకోసమే కొన్నాను.

పక్కసీట్లో మావగారు, సీట్ల వెనక ఇరుకు జాగాలో ఒంగుని మేస్త్రి. బయల్దేరి స్టేషను రోడ్డు పట్టాం. రైలుగేటు సరిగ్గా మధ్యకి వచ్చేసరికి లోపల ఏదో విరిగిన చప్పుడయి, ఇంజను బిగుసుకుపోయి, పట్టాల మీద కారు నిలబడిపోయింది. గేటుమనిషి, "తియ్యండి బాబూ, బండొచ్చీస్తాది!" అని కేకలు పెడుతున్నాడు. జనం పరిగెత్తుకొచ్చి కారుని అవతలికి నెట్టారు. నేను స్టీరింగు పట్టుకుని, కళ్లద్దాలు తియ్యడం కూడా మరిచిపోయి, ఊరేగింపులో పెళ్లికొడుకులా కూర్చునే ఉన్నాను.

మేస్త్రి అక్కడే నూనెడబ్బా మూత విప్పాడు. వేలితో జిగురు తీసి వాసన చూశాడు. పక్కన ఎవరో కూడా చూసి, "ఆముదం!" అని అరిచాడు. ఇంకొకడు అందుకున్నాడు. "ఓలమ్మో, ఇంగ్లీసు కారుకి ఆముదం పోసీసినాడు మేస్త్రి! మిల్లు పటకా బెల్టు అనుకున్నాడు, ఆముదం రాయడానికి!" అందరూ నవ్వారు. మేస్త్రి నవ్వలేదు, కోప్పడలేదు. ఆ వేలు అలాగే పట్టుకుని నాకేసి చూశాడు. నేను రైలు వస్తోందేమోనని పట్టాలకేసి చూశాను. "మేస్త్రీ, ఇదేటి పని?" అన్నారు మావగారు. ఆయన మూత పెట్టేశాడు.

మర్నాటి నుంచి మేస్త్రిని మిల్లు ఇంజను దగ్గరికి రావద్దన్నారు. ఇరవై ఏళ్లు చూసిన ఇంజను. విశాఖపట్నం నుంచి ప్యాంటు వేసుకున్న కొత్తాయనొకడు వచ్చాడు. ఆముదం సంగతి చుట్టుపక్కల మిల్లులకీ పాకింది. వాళ్లూ మేస్త్రిని పిలవడం మానేశారు. నేను శ్రీకాకుళం వచ్చేసి, అదంతా సర్దుకుంటుందిలే అనుకున్నాను. నిద్ర పట్టలేదని మాత్రం ఒప్పుకుంటాను. వాదన తయారుచేసుకుంటున్నందువల్ల నిద్ర పట్టలేదు. పుస్తకంలో ఆముదమని రాసి ఉంది గనుక తప్పు పుస్తకానిదని నాకు నేనే నిరూపించుకున్నాను.

నెల తిరిగాక షెడ్డుకి వెళ్లాను. పని లేదు. మూలన రెండు సైకిళ్లున్నాయి, పంక్చరుకి వచ్చినవి. మేస్త్రి కిందకూర్చుని, అరచేతంత ఇనపరేకుని ఆకురాయితో నెమ్మదిగా రుద్దుతున్నాడు. నా కారు తిత్తిలో విరిగిన రెక్కకి బదులు రెక్క. ఆయన పేరు మంటగలిపిన కారుకోసం, నేను అడక్కుండా, నెలరోజులుగా రోజూ కాస్త రుద్దుతున్నాడు. బెంగుళూరాయన అరగలేదన్నది దీన్నే.

రోడ్డవతల మిల్లు నడుస్తోంది. మేస్త్రి చెయ్యి ఆపి తల వంచాడు.

"ఆ దెబ్బ వినబడతన్నాదా బాబూ? నోపల బేరింగు కొట్టుకుంటన్నాది. ఆ కుర్రోడికి వినబడ్డం నేదు. ఇలాగే తిప్పితే దసరాకి సచ్చిపోద్ది అది."

కంట్లో నీళ్లు కనబడకుండా మళ్లీ వంగి రుద్దడం మొదలెట్టాడు. నాకు ఇక వాదన మిగల్లేదు.

"మేస్త్రీ, ఆముదం నేనే పోశాను."

"తెలుసు."

"ఎప్పుడు తెలిసింది?"

"గేటుకాడే. నీ తలకి రాసుకున్నదీ అదీ ఒకే వాసన."

"మరి అక్కడే ఎందుకు చెప్పలేదయ్యా?"

"నాను సెప్తే సాడీ అవుద్ది. పోసినోడు సెప్పాల." ఆకురాయి దులిపి, రేకుని వెలుతురుకి ఎత్తి చూశాడు. "ఇప్పుడు నాకు సెప్పి ఏటి లాభం బాబూ? నాకు తెలుసు గదా. ఆళ్లకి సెప్పు."

"ఎవరికి?" అన్నాను. ప్లీడరు బుద్ధి.

ఆయన చూపుడువేలితో రోడ్డవతలకి చూపించాడు, అంతే.

రోడ్డు దాటడానికి నాకు నాలుగు ప్రయాణాలు పట్టాయి. మొదటిసారి వెళ్లి మావగారితో వానల గురించి మాట్లాడి వచ్చేశాను. రెండోసారి ధాన్యం తడి గురించి. మూడోసారి చెప్పడానికి నోరు తెరిస్తే, ఆయన, "ఏటి బాబూ, ఒంట్లో బాగునేదా?" అని నిమ్మకాయనీళ్లు తెప్పించారు, తాగి వచ్చేశాను. నాలుగోసారి మిల్లు ఆవరణలో ధాన్యం బస్తాలు దింపుతున్నారు. మావగారు రాశి పక్కన నిలబడి ఉన్నారు. దగ్గరికెళ్లి, ఎవరికీ వినబడకుండా, జడ్జిగారు ఎప్పుడూ "గట్టిగా చెప్పవయ్యా" అని విసుక్కునే గొంతుతో, సంగతంతా చెప్పాను.

మావగారు ఆశ్చర్యపోలేదు. నా భుజమ్మీద చెయ్యి వేశారు.

"నాకు తెలుసు బాబూ. సీసాడు ఆముదం తాగినాడని అమ్మాయి సెప్పినప్పుడే అనుకున్నాను. అంత ఆముదం తాగినోడు మర్నాడు కోర్టుకెల్తాడేటి?"

"తెలిసీ మేస్త్రిని ఎందుకు మాన్పించారు మావయ్యా?"

"గేటుకాడ ఊరంతా అడిగినారు గదా, పోసింది ఎవులని. ఎవుల్దో ఒకల్ది తప్పవ్వాల. అల్లుడిదని సెప్పమంటారేటి? మేస్త్రికేటి, ఇక్కడోడే, సర్దుకుంటాడు."

ఎంతో ఆప్యాయంగా అన్నారు. నన్ను కాపాడానన్న తృప్తి ఆయన మొహంలో కనిపించింది. ఆ ఇంట్లో నాకు జరిగిన మర్యాదలన్నీ, పండక్కి బట్టలూ, భోజనాల్లో మొదటి విస్తరీ, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. నేను దాక్కున్నాననుకున్నాను. నిజానికి ఒక మనిషిని నా ముందు నిలబెట్టి, ఆయన వెనక నన్ను దాచారు.

"ఆముదం పోసింది నేను!" అని అరిచాను. "మేస్త్రి కాదు! నేను! ఇంగ్లీషు పుస్తకం చదివి నేనే పోశాను!"

"నెమ్మదిగా బాబూ, నెమ్మదిగా," అని మావగారు నా చెయ్యి పట్టుకున్నారు. నేను ఇంకోసారి అరిచాను. బస్తాలు మోసేవాళ్లు బస్తాలతోనే ఆగిపోయారు. బియ్యం చెరిగే ఆడవాళ్లలో ఒకావిడ, "ఓలి బాబో, ప్లీడరుబాబేనటే!" అని పైటచెంగు నోట్లో కుక్కుకుంది. నవ్వు ఆవరణ దాటి, గేటు దాటి, బజార్లోకి వెళ్లిపోయింది. నా జీవితంలో నేను గెలిచిన మొదటి కేసు అదే, ముద్దాయిని నేనే.

అందరూ విన్నాక మావగారికి వేరే దారి లేకపోయింది. మర్నాడు పొద్దున్న ఆయనే స్వయంగా రోడ్డు దాటి మేస్త్రిని పిలుచుకొచ్చారు. మేస్త్రి నా పక్కనుంచి వెళ్తూ, "అంత గట్టిగా అరిసినావట. ఒక్కసారి సెప్తే సాలదేటి బాబూ?" అని లోపలికి వెళ్లిపోయాడు. మధ్యాహ్నానికి ఇంజను తిరిగింది. ఆ దెబ్బ లేదు.

అంతకుముందు నేను మిల్లుకి వస్తే, రిక్షా దిగేలోపే ఎవరో ఒకరు కుర్చీ తెచ్చి, తువ్వాలుతో దులిపి వేసేవారు. ఆ రోజు ఎవరూ వెయ్యలేదు. మళ్లీ ఎప్పుడూ కూడా వెయ్యలేదు. ధాన్యం రాశి పక్కన, బస్తాలవాళ్లకి అడ్డంరాకుండా ఒదిగి, ఆ ఇంజను మోత చాలాసేపు నిలబడే విన్నాను.